ఇంటి ఆర్కిడ్ పూసేదాకా: జయపురం పెరటి నుంచి కొన్ని సూచనలు

ఆర్కిడ్ కొన్నవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. ఆకులు నిగనిగలాడుతున్నాయి, వేళ్లు బలంగా ఉన్నాయి, ఏడాదికి రెండు కొత్త ఆకులు కూడా వస్తున్నాయి, అయినా కొన్ననాడు చూసిన పువ్వు మళ్లీ కనబడలేదు, ఎందుకు? ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ఈ మొక్కలు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ రెండున్నరేళ్లు ఇదే ప్రశ్న అడుగుతూ గడిపాను. విశాఖపట్నంలో ఒక నర్సరీలో కొన్న ఫెలనాప్సిస్ అనే రకం తెల్లని ఆర్కిడ్‌ను వచ్చేపోయే వారందరికీ కనిపించేలా హాలు మధ్యన బల్ల మీద పెట్టి, వారానికి రెండుసార్లు నీళ్లు పోసి, తడిగుడ్డతో ఆకులు తుడుస్తూ వచ్చాను. పాత పువ్వులు రాలిన తరువాత అది ఒక్క పూకాడ కూడా వేయలేదు. మూడో ఏడు దసరా వెళ్లాక ఇంటికి రంగులు వేయిస్తూ సామానుతోపాటు ఆ కుండీని కూడా పెరటి వరండాలోకి మార్చాము. పని ముగిసి సామాను లోపలికి వచ్చినా కుండీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పుష్యమాసంలో ఒకనాడు ఉదయం వరండా తుడుస్తూ చూస్తే, కింది నుంచి రెండో ఆకు సందులో బెత్తెడు పొడవున పూకాడ నిలబడి ఉంది. ఎరువు వేసింది లేదు, మందు కొట్టింది లేదు. రెండు నెలలు రాత్రి చలి తగిలింది, ఉదయపు వెలుగు పడింది, అంతే.

ఆర్కిడ్లలో ఒక్కో రకం ఒక్కో రుతువు మార్పును పట్టుకుని పూస్తుంది. ఆ మార్పు మొక్కదాకా చేరనివ్వకుండా మనమే గోడలు, కిటికీ తలుపులు, నీళ్ల చెంబు అడ్డం పెడుతూ ఉంటాము. కొండ మీద ఉన్న మన కోరాపుట్, రాయగడ జిల్లాల వారికి ఈ విషయంలో మైదానం వారికి లేని అదృష్టం ఉంది గనుక, దాన్ని వాడుకునే పద్ధతి కొంత వివరంగా రాస్తున్నాను.

మొక్క ఏదో ముందు తేల్చుకోవాలి

మన పల్లెల్లో చెట్టు మీద మొలిచే ప్రతిదాన్నీ బదనిక అనే అంటారు. మామిడి కొమ్మల మీద గుబురుగా పెరిగి చెట్టు రసాన్ని పీల్చే బదనిక వేరు, ఆర్కిడ్ వేరు. మొదటిది చెట్టు కణజాలంలోకి వేరు దింపి బతుకుతుంది. రెండోది చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటూ, బెరడు పైన వేళ్లు పాకించి, వాననీటినీ మంచునూ బెరడు పగుళ్లలో చేరిన చెత్తలోని సారాన్నీ తీసుకుంటుంది. గాలిలో ఆరుతూ తడుస్తూ ఉండే వేళ్లు కాబట్టే ఇళ్లలో పెంచే ఈ రకాలకు కుండీలో మట్టి పనికిరాదు.

మన ఇళ్లలో కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. అరచేయంత వెడల్పైన దళసరి ఆకులు నాలుగైదు, నేలకు దగ్గరగా ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటే అది ఫెలనాప్సిస్. చెరకు గడల్లా కణుపులున్న కాడలు గుంపుగా లేస్తే అది డెండ్రోబియం. కుండీ అవసరమే లేకుండా బుట్టలో వేలాడుతూ, రెండు పక్కలా పట్టీల్లాంటి ఆకులు పేర్చుకుని, తాళ్లంత లావు వేళ్లను గాలిలోకి వదిలేది వాండా. ఈ మూడింటికీ పూత సంకేతాలు వేరువేరు. ఒకదానికి మేలు చేసే పని ఇంకోదానికి కీడు చేస్తుంది.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్కిడ్ కాయలో ధూళివంటి గింజలు లక్షల్లో ఉంటాయి గాని, వాటిలో మొలకకు కావలసిన ఆహారం నిల్వ ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం చేరి తిండి పెడితేనే మొలుస్తాయి. ఆ శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన పోషక మాధ్యమం మీద వాటిని మొలిపించవచ్చని లూయిస్ నడ్సన్ 1922లో చూపించిన తరువాతనే సీసాల్లో మొలకలు పెంచడం సాధ్యమైంది. సీసాలోంచి తీసిన ఫెలనాప్సిస్ పిల్లకు పూత రావడానికి మామూలుగా రెండు మూడేళ్లు పడుతుంది, వాండాకు ఐదారేళ్లు కూడా పట్టవచ్చు. చవకగా వస్తున్నదని వేలెడంత మొక్క తెప్పించుకున్నవారు మొదటి శీతకాలంలోనే పువ్వు కోసం చూడడం, బాలింత ఒడిలోని బిడ్డకు పెళ్లి సంబంధాలు వెతకడం వంటిది. తొందర ఉన్నవారు ఒకసారైనా పూసిన గుర్తు, అంటే పాత పూకాడ కోసిన మోడు, ఉన్న మొక్కనే కొనుక్కోవాలి.

ఘాట్ రోడ్ల పక్కన, సంతల్లో అడవి నుంచి పీకి తెచ్చిన ఆర్కిడ్లు అమ్మడానికి పెడుతుంటారు. వాటిని కొనవద్దు. వేళ్లు సగం తెగిపోయిన ఆ మొక్కల్లో ఎక్కువ భాగం ఇంటికి తెచ్చిన ఏడాదిలోపే చస్తాయి. కొండ మీద ఉన్న చెట్టు మాత్రం శాశ్వతంగా బోసిపోతుంది.

వెలుగు

పూయని ఆర్కిడ్లలో ఎక్కువ భాగం వెలుగు చాలకనే పూయడం లేదని నా అనుభవం. దీనికి పరికరం ఏమీ అక్కర్లేదు, ఆకు రంగు చూస్తే తెలుస్తుంది. ముదురు పచ్చగా, నల్లబడినట్టు నిగనిగలాడే ఆకు మనకు ఆరోగ్యంగా కనిపిస్తుంది గాని, అది వెలుగు కోసం మొహం వాచిన ఆకు. లేత గడ్డి రంగులో ఉన్న ఆకు సరైనది. పసుపు తిరిగినా, అంచులు ఎర్రబారినా ఎండ ఎక్కువైందని అర్థం. ఇంకో పరీక్ష కూడా ఉంది. మధ్యాహ్నం పూట ఆకుకు అడుగు ఎత్తున చెయ్యి చాపి నీడ చూడాలి. ఫెలనాప్సిస్ మీద పడే నీడకు అంచులు మసకగా ఉండాలి. డెండ్రోబియం, వాండాల మీద నీడ ఇంకొంచెం స్పష్టంగా, వేళ్లు లెక్కపెట్టగలిగేంతగా పడాలి. నీడే పడకపోతే ఆ చోటు పనికిరాదు, అది ఎంత అందమైన బల్ల అయినా సరే.

తూర్పు వరండా అన్నింటికన్నా మేలు. ఎనిమిది, తొమ్మిది గంటలదాకా పడే ఎండ ఏ ఆర్కిడ్‌కూ హాని చేయదు. డాబా మీద పెట్టేవారు ఫెలనాప్సిస్‌కు డెబ్బై అయిదు శాతం షేడ్ నెట్, మిగతా రెండింటికీ యాభై శాతం నెట్ కట్టుకుంటే సరిపోతుంది. దక్షిణాయనంలో సూర్యుడు వాలే కొద్దీ వరండా లోపలికి ఎండ జరిగి వస్తుంది కాబట్టి, జూన్‌లో నీడగా ఉన్న చోటు డిసెంబరులో ఎండగా మారడం మామూలే. ఆ ఎండ మెత్తనిది, దానికి భయపడనక్కరలేదు. మార్చి చివర నుంచి మాత్రం ఒకసారి మధ్యాహ్నం ఆకును ముట్టుకుని చూడాలి. వేడిగా తగిలితే కుండీని వెనక్కి జరపాలి. ఎండకు కాలిన మచ్చ మళ్లీ పోదు.

ఫెలనాప్సిస్‌కు చలి రాత్రులు

విదేశాల్లో ఫెలనాప్సిస్‌ను వ్యాపారానికి పెంచేవారు మొక్కలను రాత్రింబగళ్లు 28 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచి, పూత రానివ్వకుండా ఆకులు పెంచుతారు. మొక్క తగినంత ఎదిగాక 25 డిగ్రీల లోపు ఉండే చల్లని గదిలోకి మారుస్తారు. కొన్ని వారాల్లో పూకాడలు వస్తాయి. ఏ నెలలో కావాలంటే ఆ నెలలో అంగళ్లలో పూసిన మొక్కలు దొరకడానికి కారణం ఇదే. ఇంట్లో మనం అనుసరించవలసిన లెక్క కూడా దాదాపు ఇదే: పగలు 25 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండే వాతావరణం నాలుగు నుంచి ఆరు వారాలపాటు విడవకుండా అందాలి. నాలుగైదు ఆకులైనా లేని మొక్కను ఈ పరీక్షకు పెట్టవద్దు.

జయపురం సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తులో ఉంది. ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరితే దాదాపు 870 మీటర్లు. దీపావళి వెళ్లిన కొద్ది రోజులకే ఇక్కడ రాత్రులు కావలసినంత చల్లబడతాయి. మా ఇంట్లో కుండీలు కార్తీకం మొదటి వారంలో తూర్పు వరండాలోకి వస్తాయి. పగలు పది గంటలకు గది వెచ్చగా ఉండి, రాత్రి తలుపులు బిగించుకుని పడుకునే ఇళ్లలో గోడ లోపల, గోడ బయట ఎంత తేడా ఉంటుందో ఒక ఉష్ణమాపకం కొని చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. అతి తక్కువ, అతి ఎక్కువ రెండూ గుర్తుపెట్టి చూపే రకం కొనుక్కోవాలి, ఎందుకంటే మొక్క లెక్కపెట్టేది మనం నిద్రలో ఉన్న తెల్లవారుజాము నాలుగు గంటల వేళనే. మొదటి ఏడు నేను కొన్నప్పుడు, హాల్లో 23 చూపిన రాత్రి వరండాలో 15 చూపింది; మధ్యన ఉన్నది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ.

అయితే మన కొండ చలికి ఒక ప్రమాదం కూడా ఉంది. ఒడియావారి ఇళ్లలో మాణబసా గురువారాలు, అంటే లక్ష్మీపూజలు, నడిచే మార్గశిరం వచ్చేసరికి, సునాబెడ, సిమిలిగూడ వైపు రాత్రి చలి పది డిగ్రీలకు, కొన్ని రోజులు ఇంకా కిందికి దిగుతుంది. ఫెలనాప్సిస్ వేడి దేశపు మొక్క. 13 డిగ్రీల కింద ఎక్కువ రాత్రులు గడిపితే ఆకుల మీద నీరు నిండిన పల్లపు మచ్చలు పడి, అవి నల్లబడి, కుళ్లు పడుతుంది. అందువల్ల కార్తీకంలో బయట పెట్టిన కుండీని గట్టి చలి ముదరగానే లోపలికి తెచ్చి, కిటికీ ఓరగా తెరిచిన గదిలో ఉంచాలి. అప్పటికే నాలుగైదు వారాల చలి తగిలి ఉంటుంది, పని అయిపోయినట్టే. కోరాపుట్ వారు జయపురం వారికన్నా పదిహేను రోజులు ముందు బయట పెట్టి, ముందే లోపలికి తెచ్చుకోవాలి.

సముద్రం పక్కన ఉన్న బరంపురం సంగతి వేరు. అక్కడ ఉన్న మా చెల్లెలు, నేను చెప్పినట్టే దీపావళికి కుండీలు బయట పెట్టి, ఏమీ రాలేదని నన్ను కోప్పడింది. నవంబరులో బరంపురం రాత్రులు ఇంకా వెచ్చగానే ఉంటాయి. అక్కడివారికి దొరికే చలి డిసెంబరు నడుమ నుంచి జనవరి చివరిదాకా, ఆ నెలన్నర మాత్రమే. కాబట్టి వారు డిసెంబరు పదో తేదీ తరువాత కుండీని ఉత్తరం వైపు, రాత్రి ఆకాశం కనిపించే చోట పెట్టాలి. డాబా పైకప్పు పగటి వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది కాబట్టి దాని కింద పెట్టవద్దు. పర్లాకిమిడి, గుణుపురం వారు ఈ రెండింటికీ మధ్యన లెక్క వేసుకోవచ్చు. ఏసీ గదిలో పెట్టి పూయించామని కొందరు చెబుతారు. పూకాడ రావచ్చు గాని, ఆ పొడి గాలికి మొగ్గలు నిలవడం కష్టం; నేనైతే ఆ పని చేయను.

డెండ్రోబియంను ఎండగట్టడం

ఇళ్లలో పెంచే డెండ్రోబియంలో మళ్లీ రెండు రకాలున్నాయని తెలియక చాలా మొక్కలు పాడవుతాయి. పెళ్లి పందిళ్లలో, పూలగుత్తుల్లో ఊదా, తెలుపు రంగుల్లో కనిపించేవి ఒక రకం. వాటి పూకాడ గడ కొస నుంచి పొడుగ్గా వస్తుంది. రెండోది నోబిలే రకం. దీనిలో పూకాడ ఉండదు, గడ పొడవునా కణుపు కణుపుకీ రెండు మూడు పువ్వులు నేరుగా పూస్తాయి. మొదటి రకానికి వెలుగు, వెచ్చదనం, నీళ్లు ఉంటే చాలు, గడ ముదరగానే పూస్తుంది. దాన్ని చలిలో, 15 డిగ్రీల కింద, పెడితే ఆకులు రాల్చి అలుగుతుంది. ఎండగట్టవలసింది నోబిలేను మాత్రమే.

నోబిలే హిమాలయపు వాలుల్లో పుట్టిన మొక్క. అక్కడ వానకాలమంతా తడిసి గడలు లావెక్కించుకుని, శీతకాలంలో నీటిచుక్క లేకుండా చలికి నిలబడి, ఎండలు ముదరక ముందే పూస్తుంది. మనం కూడా ఆ క్రమాన్నే పాటించాలి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా నీళ్లు, ఎరువు పుష్కలంగా ఇవ్వాలి. కొత్త గడ కొసన చివరి చిన్న ఆకు విప్పుకుని, ఇక పెరగడం ఆగిపోయిందని కనిపించిన రోజున, అంటే మన దగ్గర సుమారు అక్టోబరులో, ఎరువు పూర్తిగా మానేయాలి. కార్తీకం నుంచి నీళ్లు కూడా మానేసి, గడలు మరీ ముడతలు పడితే పది పదిహేను రోజులకొకసారి ఉదయం పూట వేళ్ల మీద చిలకరించడంతో సరిపెట్టాలి. రాత్రి చలి 10 నుంచి 15 డిగ్రీల మధ్య, నెలా నెలన్నర తగలాలి. జయపురం, కోరాపుట్ వరండాల్లో ఇది ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఆకులు పసుపు తిరిగి రాలిపోతాయి. రాలనివ్వాలి.

ఈ మాట రాయడం సులువు, ఇంట్లో అమలు చేయడం కష్టం. మా అత్తగారికి ఎండుతున్న మొక్కను చూస్తే మనసు ఆగదు. నేను నీళ్లు మానేసిన ఏడు, ఆవిడ రోజూ తులసికోటకు నీళ్లు పోసి వస్తూ చెంబు అడుగున మిగిలినవి ఆ కుండీలో వంచుతూ వచ్చారని నాకు మాఘంలో గాని తెలియలేదు. "చలికాలమైతే మాత్రం దానికి దాహం వేయదా అమ్మాయ్?" అన్నారు. ఫలితం నా కళ్లతో చూశాను. ప్రతి కణుపు దగ్గరా మొగ్గలాంటి ఉబ్బు వచ్చింది, పది రోజులు సంబరపడ్డాము, ఆ ఉబ్బులు పగిలి పువ్వులకు బదులు ఆకులు బయటికి వచ్చాయి, మరో పది రోజులకు ఆకుల అడుగున తెల్లని సన్న వేళ్లు దిగాయి. మూడు గడల మీద పదకొండు పిల్ల మొక్కలు, ఒక్క పువ్వు లేదు. వీటిని కేకీలు అంటారు. కణుపులోని మొగ్గ పువ్వు కావాలా, పిల్ల కావాలా అన్నది తేలే సమయంలో నీళ్లు, నత్రజని అందితే అది పెరుగుదల వైపే మొగ్గుతుంది. ఆ పదకొండింటినీ వేళ్లు రెండంగుళాలు పెరిగాక కోసి చుట్టాలందరికీ పంచాము గనుక మా అత్తగారి దృష్టిలో ఆ ఏడాది దిగుబడి మంచిదే.

ఉబ్బు పువ్వా పిల్లా అన్నది తేలేదాకా నీళ్లు మళ్లీ మొదలుపెట్టవద్దు. పూమొగ్గ గుండ్రంగా తిరిగి, కింద సన్నని తొడిమ వేరుగా కనిపిస్తుంది; పిల్ల మొక్క ఉబ్బు చదునుగా, మొనదేలి పైకి చూస్తుంది. మొగ్గలు బఠాణీ గింజంత అయ్యాక కొద్దికొద్దిగా నీళ్లు పెంచుకోవచ్చు. ఇంకో హెచ్చరిక. ఆకులు రాలి, ఎండు కర్రల్లా కనిపించే పాత గడలను శుభ్రం పేరుతో కోసేయవద్దు. అవే మొక్కకు గాదెలు, కొన్ని గడలు రెండో ఏడు కూడా పూస్తాయి.

నీళ్లు, ఎరువు

వీటిని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే నీళ్లు తక్కువై చచ్చిన ఆర్కిడ్లకన్నా ఎక్కువై చచ్చినవే ఎక్కువ. వేరు వెండిరంగులో ఉంటే దాహం వేసినట్టు, ఆకుపచ్చగా ఉంటే తాగినట్టు. అది చూసి పోయాలి గాని వారాలు లెక్కపెట్టి కాదు. ఉదయం పూటే పోయాలి, ఫెలనాప్సిస్ ఆకుల నడిమి గుంటలో నీరు నిలిస్తే గుడ్డ కొసతో పీల్చేయాలి. మన వానకాలంలో రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు ఆ గుంటలోనే కుళ్లు మొదలవుతుంది, అందుకే నాలుగు నెలలూ ఫెలనాప్సిస్ చూరు కింద ఉండాలి.

కుండీలోకి కట్టె బొగ్గు, గోలీకాయంత ఇటుక ముక్కలు, కొబ్బరి డొప్ప పీచు ముక్కలు చాలు. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది కాబట్టి మూడు రోజులు నానబెట్టి, రోజూ నీరు మార్చి వాడాలి. పురుగుమందుల దుకాణాల్లో దొరికే 19:19:19 ఎరువును లీటరు నీటికి అరగ్రాము మించకుండా కలిపి, పెరిగే కాలంలో వారానికొకసారి, నాలుగో వారం ఉత్త నీటితో కడిగి ఇస్తే సరిపోతుంది. పూత తెప్పిస్తాయని చెప్పి అమ్మే భాస్వరం ఎక్కువున్న మందుల మీద నాకు నమ్మకం లేదు. చలి, వెలుగు అందని మొక్క ఏ మందుకీ పూయలేదు. అవి అందినది మందు లేకుండానే పూసింది.

వాండా, ద్రౌపదీమాల

ఈ వర్గానికి చలితో పెద్దగా పని లేదు, కావలసింది ఎండ, గాలి. వేసవిలో రోజూ ఉదయం వేళ్లన్నీ పచ్చబడేదాకా తడిపి, మధ్యాహ్నానికి ఆరిపోయేలా వేలాడదీయాలి. మన కొండ చెట్ల మీద, మామిడి తోపుల్లో ఉండే వాండా టెస్సెలేటా పసుపు, గోధుమ రంగుల గళ్ల రెక్కలు, ఊదా పెదవితో పూస్తుంది, మంచి వాసన కూడా. ఆయుర్వేదంలో దీన్ని రాస్న పేరుతో వాడతారు. నక్కతోకలా వేలాడే ద్రౌపదీమాల ఏప్రిల్ నుంచి జూన్ మధ్య పూస్తుంది; అస్సామువారు దీన్ని కపౌ అని పిలుచుకుని బిహూకు కొప్పుల్లో తురుముకుంటారు, అది వారి రాష్ట్ర పుష్పం.

నర్సరీలో పెంచిన వాండాను గానీ ద్రౌపదీమాలను గానీ పెరటి చెట్టుకు కట్టదలచినవారు, ఒడియావారి రజ పండుగ రోజుల్లో, అంటే జూన్ నడుమ తొలకరి పడే వేళ కట్టాలి. గరుకు బెరడున్న మామిడి, పనస, నేరేడు మంచివి. జామ తన బెరడును తానే పెచ్చులుగా రాల్చుకుంటుంది, దాని మీద వేరు నిలవదు. నూలు గుడ్డ పేలికతో కదలకుండా బిగించి కట్టి, ఆ వానకాలం అయ్యేసరికి వేళ్లు బెరడును కరుచుకున్నాయో లేదో చూడాలి. కట్టిన మొదటి ఏడు పువ్వు అడగవద్దు. వేళ్లు కదిలించిన వాండా ఒకటి రెండేళ్లు మౌనంగా ఉంటుంది; చోటు నచ్చలేదేమోనని ఏటా మార్చేవారి ఇంట్లో అది ఎప్పటికీ పూయదు.

పూకాడ కనిపించాక

మళ్లీ ఫెలనాప్సిస్ దగ్గరికి వద్దాము. ఆకు సందులోంచి ఏదో పచ్చని మొన తోసుకు వచ్చినప్పుడు అది వేరో పూకాడో మొదటి వారం చెప్పడం కష్టం. భూతద్దం ఉంటే పట్టుకుని చూడాలి. వేరు మొన నునుపుగా, గుండ్రంగా, పెన్ను మూతలా ఉండి, అరంగుళం పెరగగానే వెనుక భాగం వెండిపూత పూసినట్టు తెల్లబడుతుంది. పూకాడ మొన కొంచెం చదునుగా, బొటనవేలు విడిగా ఉన్న చేతితొడుగులా, ఒక పక్కన చిన్న పెదవి విప్పినట్టు ఉంటుంది. ఎంత పెరిగినా పచ్చదనం పోదు, వెలుగు వైపే తిరుగుతుంది. అది పూకాడ అని తేలాక మొదటి పువ్వు విచ్చుకోవడానికి పది పన్నెండు వారాలు పడుతుంది. కార్తీకంలో చలి పెడితే మార్గశిరంలో మొన, మాఘ ఫాల్గుణాల్లో పువ్వు.

ఈ రెండున్నర నెలల్లో చేయవలసింది కొంచెమే. పూకాడ జానెడు పెరిగాక సన్నని వెదురు పుల్ల గుచ్చి, వదులుగా దారంతో కట్టాలి. బిగించి కడితే విరుగుతుంది. కుండీని వెలుగుకు ఒకే వైపు ఉంచి తిప్పకూడదు, తిప్పితే పువ్వులు తలోదిక్కూ చూస్తాయి. రాత్రిపూట టార్చి వేసి ఒకసారి చూడాలి. నత్త ఒక్కటి చాలు, నెల రోజుల పూకాడ మొనను ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. కాడ మీద కనిపించే తియ్యని జిగురు బొట్లు మొక్క వదిలేవే, రోగం కాదు. అయితే చీమలు బారులు తీరి ఉంటే ఆకుల అడుగున పిండినల్లి ఉందేమో వెతికి, దూదిని స్పిరిట్‌లో ముంచి తుడవాలి.

అన్నీ బాగున్నా మొగ్గలు పసుపు తిరిగి రాలిపోవడం మరో బాధ. కుండీని ఒక్కసారిగా చోటు మార్చడం, ఫ్యాను గాలి, వేళ్లు పూర్తిగా ఎండిపోవడం, ఇవన్నీ కారణాలే. నాకు తెలియక చేసిన తప్పు ఇంకొకటి. ఇంట్లో వ్రతానికని తెచ్చిన అరటిగెలను మగ్గడానికి వరండా దూలానికి వేలాడగట్టాము. దాని కింద మూడడుగుల దూరంలో తొమ్మిది మొగ్గలతో ఫెలనాప్సిస్ ఉంది. నాలుగో రోజుకి పళ్లు మగ్గాయి, ఆరో రోజుకి ఏడు మొగ్గలు రాలాయి. మగ్గే పండు ఇథిలీన్ వాయువును వదులుతుంది, పక్కనున్న పండును మగ్గించేది అదే, పక్కనున్న మొగ్గను ముదిమి కమ్మించేదీ అదే. మామిడిపళ్ల గంపకూ, పొగ వదిలే పొయ్యికీ కూడా మొగ్గలను దూరంగా ఉంచాలి.

పూసిన తరువాత

మంచి ఫెలనాప్సిస్ పువ్వు రెండు మూడు నెలలు నిలుస్తుంది. చివరి పువ్వు రాలాక కాడ ఇంకా పచ్చగా ఉండి, మొక్కకు నాలుగైదు బలమైన ఆకులుంటే, కింది నుంచి రెండో మూడో కణుపుకు అంగుళం పైన కోసి చూడవచ్చు; ఆ కణుపు నుంచి చిన్న కొమ్మ వచ్చి మళ్లీ పూస్తుంది. ఆకులు వాడినట్టున్నా, మూడే ఉన్నా, ఆశకు పోకుండా కాడను మొదటికంటా తీసేయడం మంచిది. మన ఏప్రిల్, మే వేడిలో రెండోసారి వచ్చిన పువ్వులు చిన్నవిగా ఉండి తొందరగా వాడిపోతాయి కాబట్టి, నేను ఇప్పుడు అన్నింటినీ మొదటికంటానే కోస్తున్నాను. కత్తెరను ప్రతి మొక్కకూ ముందు మంట మీద చూపించి వాడాలి, ఎందుకంటే ఆర్కిడ్ వైరస్‌లు ఒక మొక్క రసం నుంచి ఇంకో మొక్కకు కత్తెర ద్వారా పాకుతాయి, వాటికి మందు లేదు.

కుండీ మార్చాలంటే పూకాడ ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. పువ్వులు అయిపోయి, మొదలు దగ్గర కొత్త వేళ్ల పచ్చని మొనలు కనిపించిన వారం చూసుకుని మార్చాలి. కుళ్లి మెత్తబడిన వేళ్లను కోసి, బొగ్గు, ఇటుక ముక్కలు కొత్తవి వేసి, వారం రోజులు నీళ్లు పోయకుండా నీడన ఉంచి, ఆ తరువాత మామూలు చోటికి చేర్చాలి. మన దగ్గర ఈ పని ఏప్రిల్ మొదట్లో ముగిస్తే తొలకరికల్లా వేళ్లు కుదురుకుంటాయి.